ఉందానగర్‌లో ఆగిన పట్టాలు
శంషాబాద్ విమానాశ్రయానికి రైలు మార్గం: ఆది నుంచి నేటి వరకు

శంషాబాద్: సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కిన ప్రయాణికుడు కాచిగూడ, మలక్‌పేట, ఫలక్‌నుమా, బుద్వేల్ దాటి ఉందానగర్‌లో దిగవచ్చు. నగర రైలు సేవలు అక్కడితో ముగుస్తాయి. పట్టాలు మాత్రం మహబూబ్‌నగర్, కర్నూలు మీదుగా డోన్ దాకా సాగిపోతాయి. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఉందానగర్ స్టేషన్‌కు సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అటువైపు మాత్రం పట్టాలు మళ్లలేదు.

రాజధానిని విమానాశ్రయంతో రైలు ద్వారా కలపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 2012లో మంజూరైన ఎంఎంటీఎస్ రెండో దశలోనే అది ఒక భాగం. పదేళ్ల తర్వాత మెట్రో రూపంలో మరో ప్రతిపాదన వచ్చింది. దానికి శంకుస్థాపన జరిగి, ఏడాది తిరిగేసరికి పక్కకు పోయింది. ఆపై వేరొక దారిలో మూడో ప్రతిపాదన సిద్ధమైంది. ఈ మూడింటి నేపథ్యం, నిర్మాణంలో ఎదురైన చిక్కులు, ఇతర నగరాల అనుభవాలపై సమగ్ర కథనం ఇది.

నగరానికి దూరమైన విమానాశ్రయం

2008 మార్చి వరకు భాగ్యనగర వాసులకు విమానాశ్రయమంటే బేగంపేటే. అది నగరం మధ్యలో ఉండేది. సికింద్రాబాద్–లింగంపల్లి మార్గంలోని బేగంపేట రైల్వే స్టేషన్ కూడా దానికి ఎంతో దూరం కాదు. విమాన ప్రయాణికులు పెరిగి, విస్తరణకు స్థలం లేకపోవడంతో రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌ను కొత్త విమానాశ్రయానికి ఎంపిక చేశారు. సుమారు 5,500 ఎకరాల్లో దీనిని నిర్మించారు. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగాయి. అదే నెల 23 నుంచి విమానాల రాకపోకలు ఇక్కడి నుంచే సాగాయి. బేగంపేటలో పౌర విమానాల రాకపోకలు నిలిచిపోయాయి.

నిర్మాణ సమయంలో ప్రాజెక్టులో జీఎంఆర్ సంస్థకు 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి, భారత విమానాశ్రయాల సంస్థకు చెరి 13 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థకు 11 శాతం వాటాలు ఉండేవి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో దేశంలో తొలినాళ్లలో వచ్చిన విమానాశ్రయాల్లో ఇదొకటి. ఈ యాజమాన్య స్వరూపమే తరువాతి కాలంలో రైలు మార్గం చర్చకు కీలకమైంది.

కొత్త విమానాశ్రయానికి చేరడానికి ప్రభుత్వం ముందుగా రోడ్లపైనే దృష్టి పెట్టింది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు బాహ్య వలయ రహదారి తొలి భాగం 2008లో అందుబాటులోకి వచ్చింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో ప్రారంభమైంది. సొంత కారు ఉన్నవారికి, అద్దె కారు కట్టించుకోగలిగిన వారికి ఈ రెండూ ఎంతగానో ఉపకరించాయి. ఆర్టీసీ ‘పుష్పక్’ బస్సులు మిగిలినవారికి ఆధారమయ్యాయి. రైలు వంతు మాత్రం రాలేదు.

తొలి దశ ఎంఎంటీఎస్

మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్ అన్న పేరుకు కుదింపే ఎంఎంటీఎస్. ఉన్న రైల్వే లైన్లపైనే నగర ప్రజలకు లోకల్ రైళ్లు నడపడం దీని ఉద్దేశం. రైల్వే శాఖ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యయాన్ని చెరి సగం భరించాయి. 2003 ఆగస్టు 9న తొలి రైలు పట్టాలెక్కింది. సికింద్రాబాద్, నాంపల్లిల నుంచి లింగంపల్లికి, ఆ తర్వాత సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమాకు రైళ్లు నడిచాయి.

కొత్త లైన్ వేయనవసరం లేకపోవడం ఈ పథకానికి పెద్ద బలం. భూసేకరణ భారం తక్కువ. ఖర్చు తక్కువ. టికెట్ ధర సామాన్యుడికి అందుబాటులో ఉంటుంది. బలహీనత కూడా ఇందులోనే ఉంది. అవే పట్టాలపై ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు రైళ్లు నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్ వస్తే లోకల్ పక్కన నిలవాలి. ఐదు, పది నిమిషాలకో రైలు నడపాలంటే విడి లైన్లు లేనిదే సాధ్యం కాదు. తొలి దశలో ఫలక్‌నుమా దక్షిణపు చివరి స్టేషన్‌గా మిగిలిపోయింది. శంషాబాద్ అక్కడికి మరింత దక్షిణాన ఉంది.

రెండో దశలో విమానాశ్రయం

2012–13లో రెండో దశ మంజూరైంది. అంచనా వ్యయం సుమారు 816 కోట్ల రూపాయలు. ఇందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వే శాఖది. తొలి దశతో పోలిస్తే రాష్ట్రంపై భారం పెరిగింది. పనుల బాధ్యతను రైల్ వికాస్ నిగమ్ లిమిటెడ్‌కు అప్పగించారు.

ఘట్‌కేసర్–మౌలాలి–సనత్‌నగర్, సికింద్రాబాద్–బొల్లారం–మేడ్చల్, తెల్లాపూర్–రామచంద్రాపురం, ఫలక్‌నుమా–ఉందానగర్–శంషాబాద్ విమానాశ్రయం ఇందులోని ప్రధాన మార్గాలు. చివరి మార్గం నిడివి సుమారు 20 కిలోమీటర్లు. ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ వరకు 14 కిలోమీటర్లలో ఉన్న లైన్ పక్కన రెండో లైన్ వేసి, విద్యుదీకరించాలి. ఉందానగర్ నుంచి టెర్మినల్ వరకు ఆరు కిలోమీటర్లు పూర్తిగా కొత్త లైన్ వేయాలి.

ఒంటి లైన్‌పై లోకల్ రైళ్లు నడపడం కష్టం. ఎదురు రైలు వచ్చే వరకు స్టేషన్‌లో వేచి ఉండాలి. అందుకే రెండో లైన్ అవసరం. ఎంఎంటీఎస్ రైళ్లు 25 వేల వోల్టుల విద్యుత్ తీగల ఆధారంగా నడుస్తాయి కనుక విద్యుదీకరణ తప్పనిసరి. వీటితోపాటు వంతెనలు, ప్లాట్‌ఫారాలు, పాదచారుల వంతెనలు, సిగ్నళ్లు పూర్తి కావాలి. చివరిగా రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి అనుమతి ఇస్తేనే ప్రయాణికుల రైలు నడుస్తుంది. రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాక, పౌర విమానయాన శాఖ పరిధిలో పనిచేస్తుండటం విశేషం.

పనులు అనుకున్న వేగంతో సాగలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. రాష్ట్ర వాటా నిధులు సకాలంలో రావడం లేదని రైల్వే వర్గాలు పలుమార్లు పేర్కొన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ వ్యయం వెయ్యి కోట్ల రూపాయలు దాటింది.

ఆరు కిలోమీటర్ల చిక్కు

రెండో దశలో ఎక్కువ భాగం రైల్వే సొంత భూమిలో సాగింది. ఉందానగర్ నుంచి విమానాశ్రయం వరకు ఆ వెసులుబాటు లేదు. ప్రాంగణంలోని భూమి విమానాశ్రయ నిర్వహణ సంస్థ ఆధీనంలో ఉంది. అందులోకి పట్టాలు రావాలంటే ఆ సంస్థ సమ్మతి కావాలి. ఆ సమ్మతి కుదరలేదు. భద్రత, భావి విస్తరణ అవసరాలు చర్చకు వచ్చాయి. ఫలితంగా ఎంఎంటీఎస్ ఉందానగర్‌కే పరిమితమైంది.

సాంకేతికంగానూ ఇది సులభమైన పని కాదు. రన్‌వే సమీపంలో ఎంత ఎత్తు వరకు నిర్మాణాలు ఉండవచ్చన్న దానిపై కఠినమైన పరిమితులు ఉంటాయి. విద్యుత్ స్తంభాలు, ఎత్తైన వంతెనలు ఆ పరిమితులకు లోబడాలి. టెర్మినల్ దగ్గర భూగర్భంలో స్టేషన్ కట్టడం దీనికి ఒక పరిష్కారం. అయితే అది అతి తక్కువ ఖర్చుతో నిర్మించాలనుకున్న ఎంఎంటీఎస్ స్వభావానికి విరుద్ధం. పైగా ప్రాంగణం చుట్టూ భద్రతా వలయం ఉంటుంది. నిత్యం వేలాది మందిని దించే రైలు స్టేషన్‌ను ఎక్కడ ఉంచాలన్నది భద్రతా సంస్థలు కూడా తేల్చవలసిన అంశం.

రాష్ట్ర ప్రభుత్వం ఒకవైపు రైలు మార్గానికి ప్రధాన నిధిదాత, మరోవైపు విమానాశ్రయంలో వాటాదారు. భూమి అందులోనిదే, డబ్బులో అధిక భాగం దానిదే. అయినా రెండూ ఒకచోట కలవలేదు. విమానాశ్రయ ఒప్పందం 2004 నాటిది. రైలు మార్గం మంజూరైంది 2012లో. తొలి ఒప్పందం రాసుకున్ననాడే పట్టాలకు చోటు విడిచి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదన్నది దీని నుంచి నేర్వదగిన పాఠం.

2023లో ఉందానగర్‌కు రైలు

2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్‌లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఫలక్‌నుమా–ఉందానగర్, సికింద్రాబాద్–మేడ్చల్ మార్గాలను ప్రారంభించారు. 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులను ప్రకటించారు. 85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, విద్యుదీకరణ పనులను అదే రోజున జాతికి అంకితం చేశారు. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి రైలు ప్రారంభమైంది. దీంతో రెండో దశలో ముఖ్య మార్గాలన్నీ వాడుకలోకి వచ్చాయి. మిగిలింది విమానాశ్రయం ముక్కే.

ఉందానగర్ రైలు శంషాబాద్, రాజేంద్రనగర్ ప్రాంత వాసులకు మేలు చేసింది. విమాన ప్రయాణికుడికి మాత్రం అంతగా ఉపయోగపడటం లేదు. పెట్టెలతో రైలు దిగి, మరో వాహనం వెతుక్కుని, ఆరు కిలోమీటర్లు వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు. విమానం తప్పిపోతే టికెట్ సొమ్ము పోతుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బస్సును నమ్ముకునే సాహసం చేయరు. పైగా విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి, తెల్లవారుజామున బయలుదేరుతాయి. లోకల్ రైళ్లు ప్రధానంగా ఉదయం, సాయంత్రం ఉద్యోగుల రాకపోకలను ఉద్దేశించినవి.

ఎవరికి అవసరం?

విమానాశ్రయ రైలు అనగానే సూటు, బూటు వేసుకున్న ప్రయాణికుడే మనసులో మెదలుతాడు. వాస్తవంలో అది ఎక్కువగా అవసరమయ్యేది మరి ఇద్దరికి.

ఒకరు విమానాశ్రయంలో పనిచేసే సిబ్బంది. పారిశుద్ధ్య కార్మికులు, సామాను మోసేవారు, దుకాణాల్లో పనిచేసేవారు, భద్రతా సిబ్బంది, సరకు రవాణా కేంద్రాల ఉద్యోగులు రోజూ రెండుసార్లు ప్రయాణించాలి. విమాన ప్రయాణికుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే వీరు నెలకు పాతిక రోజులు వస్తారు. వీరిలో చాలామందికి ప్రయాణ ఖర్చు జీతంలో చెప్పుకోదగిన భాగం.

మరొకరు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లే కార్మికులు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్, దోహా వెళ్లేవారికి శంషాబాదే ద్వారం. సాగనంపడానికి, తీసుకురావడానికి కుటుంబ సభ్యులు వాహనం మాట్లాడుకుని రావడం పరిపాటి. నిజామాబాద్ నుంచి వచ్చే పలు రైళ్లు కాచిగూడకు చేరతాయి. ఉందానగర్ వెళ్లే ఎంఎంటీఎస్ కూడా కాచిగూడ మీదుగానే వెళుతుంది. ఆరు కిలోమీటర్లు పూర్తయితే నిజామాబాద్‌లో రైలెక్కిన కార్మికుడు ఒక్క స్టేషన్‌లో మారి విమానం దాకా పట్టాలపైనే చేరవచ్చు. పాలమూరు, కర్నూలు వాసులకైతే ఆ లైన్ తమ ఊరి లైనే.

విమానాశ్రయం ఆరంభంలో ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం నిర్మించినది. 2023–24లో సుమారు 2.5 కోట్ల మంది ప్రయాణించారు. ఇంతమందిని, వారి కోసం వచ్చేవారిని కార్లు, బస్సులే మోయాలంటే ఆరాంఘర్, శంషాబాద్ రోడ్లపై రద్దీ పెరగక తప్పదు.

మెట్రో: మారిన దారులు

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్ల తొలి దశ పూర్తయింది. మూడు కారిడార్లలో ఏదీ విమానాశ్రయానికి చేరదు. ఈ లోటు తీర్చేందుకు రాయదుర్గం నుంచి బాహ్య వలయ రహదారి వెంట శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోను అప్పటి ప్రభుత్వం ప్రతిపాదించింది. అంచనా వ్యయం 6,250 కోట్ల రూపాయలు. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు శంకుస్థాపన చేశారు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి ఎ.రేవంత్‌రెడ్డి ఆ నెలలోనే ఈ ప్రాజెక్టు టెండర్ల ప్రక్రియను నిలిపివేయించారు. పాతబస్తీ, ఎల్బీనగర్ ప్రాంతాల మీదుగా వెళ్లే దారిని పరిశీలించాలని అధికారులను ఆదేశించారు. బాహ్య వలయ రహదారి వెంట ఇప్పటికే విశాలమైన రోడ్డు ఉందని, జనసాంద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతాల మీదుగా వెళితే ఎక్కువమందికి ఉపయోగమని కొత్త దారికి సమర్థన. ఐటీ కారిడార్ నుంచి వేగంగా చేరాలంటే పాత దారే మేలన్నది మరో వాదన.

2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం మెట్రో రెండో దశకు ఆమోదం తెలిపింది. ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయల అంచనా. ఇందులో నాగోలు–విమానాశ్రయం కారిడార్ నిడివి 36.8 కిలోమీటర్లు. నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు స్థలాన్ని తాకి శంషాబాద్ చేరుతుంది. విమానాశ్రయం వద్ద కొద్ది దూరం భూగర్భంలో సాగుతుంది. ఎంఎంటీఎస్‌కు కుదరని ప్రాంగణ ప్రవేశం ఇందులో ప్రణాళికలోనే భాగమైంది.

వ్యయంలో రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం భరించాలని, 48 శాతం రుణాలుగా, మిగిలిన 4 శాతం ప్రైవేటు భాగస్వామ్యంలో సమకూర్చుకోవాలని ప్రతిపాదించారు. సమగ్ర ప్రాజెక్టు నివేదికలను 2024 నవంబరులో కేంద్రానికి పంపారు. కేంద్రం అనుమతి, రుణ సమీకరణ, భూసేకరణ పూర్తయ్యాకే పనులు మొదలై, ఆపై ఏళ్లు పడుతుంది. ఏ దారి ఎంచుకున్నా విమానాశ్రయ రైలుకు ఇది దగ్గరి తేదీ కాదు.

ఇతర నగరాల అనుభవం

ఢిల్లీ: న్యూఢిల్లీ స్టేషన్ నుంచి విమానాశ్రయం మీదుగా ద్వారకా సెక్టార్ 21 వరకు 22.7 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ లైన్ 2011 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. నిర్వహణ ప్రైవేటు సంస్థది. వంతెనల బేరింగుల్లో లోపాలు బయటపడి 2012 జులైలో మూసివేశారు. 2013 జనవరిలో మళ్లీ తెరిచారు. అదే ఏడాది జులైలో ఢిల్లీ మెట్రో సంస్థ స్వయంగా నిర్వహణ చేపట్టింది. ఛార్జీలు తగ్గించాక ప్రయాణికులు పెరిగారు. టికెట్ ధర అధికంగా ఉంటే రైలు టెర్మినల్ కిందికే వచ్చినా జనం ఎక్కరన్నది ఇక్కడి పాఠం.

చెన్నై: విమానాశ్రయం ఎదురుగానే తిరుశూలం లోకల్ స్టేషన్ ఉంది. రోడ్డు దాటితే రైలు. ఆపై 2016 సెప్టెంబరులో మెట్రో నేరుగా విమానాశ్రయానికి చేరింది. తక్కువ ధరకు లోకల్, సౌకర్యానికి మెట్రో. రెండూ ఒకదానికొకటి పోటీ కాలేదు.

బెంగళూరు: 2021 జనవరి 4న విమానాశ్రయం సమీపంలో హాల్ట్ స్టేషన్ ప్రారంభమైంది. అక్కడి నుంచి టెర్మినల్‌కు బస్సు. రైళ్ల సంఖ్య తక్కువ, మధ్యలో వాహనం మారాలి. ఉందానగర్‌ను పోలిన పరిస్థితే ఇది. ఆదరణ అంతంత మాత్రమే.

కోల్‌కతా: దమ్‌దమ్ కంటోన్మెంట్ నుంచి విమానాశ్రయానికి 2006లో లోకల్ రైలు వేశారు. టెర్మినల్ చేరువకే వచ్చినా రైళ్లు అరుదు, వేళలు కుదరవు. 2016లో మూసివేశారు. 2025 ఆగస్టులో మెట్రో ఆ లోటు తీర్చింది. పట్టాలు చేరడం ఒక్కటే చాలదని, తరచుగా రైలు ఉండాలని ఈ నగరం చాటింది.

పూర్తి కావాలంటే

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే విమానాశ్రయ రైలు నిలబడటానికి నాలుగు అంశాలు కనిపిస్తాయి. పట్టాలు టెర్మినల్‌కు నడిచి వెళ్లగల దూరం వరకు చేరాలి. పగలూ రాత్రీ తరచుగా రైలు ఉండాలి. ఛార్జీ సిబ్బందికి కూడా అందుబాటులో ఉండాలి. రైల్వే, మెట్రో, ఆర్టీసీల టికెట్ ఒక్కటే కావాలి. ఎంఎంటీఎస్‌లో మూడోది ఉంది, మొదటి రెండూ లేవు. మెట్రో ప్రణాళికలో మొదటిది ఉంది, మిగిలినవి అమలును బట్టి తేలాలి.

మెట్రో వచ్చే వరకు చేయగలిగిన పని లేకపోలేదు. రైలు వేళలకు అనుగుణంగా ఉందానగర్ స్టేషన్ ఆవరణ నుంచే టెర్మినల్‌కు బస్సు నడపడం, ఒకే టికెట్‌తో రెండింటిలో ప్రయాణించే ఏర్పాటు చేయడం, సిబ్బంది షిఫ్టులు మారే సమయాలకు రైళ్లు సర్దడం వంటివి కొత్త పట్టాలు లేకుండానే సాధ్యం. ఇందుకు వేల కోట్లు అక్కరలేదు. కావలసింది మూడు సంస్థలు ఒకచోట కూర్చుని వేళల పట్టిక రాసుకోవడం. 20 కిలోమీటర్ల మార్గంలో 14 పూర్తయ్యాయి. మిగిలిన ఆరింటిపైనే నిత్యం వచ్చిపోయే కార్మికుడి ఖర్చు, వలస వెళ్లే వాడి ప్రయాస ఆధారపడి ఉన్నాయి.

ముఖ్య ఘట్టాలు

2003 ఆగస్టు 9: ఎంఎంటీఎస్ తొలి రైలు ప్రారంభం.
2005 మార్చి: శంషాబాద్ విమానాశ్రయానికి శంకుస్థాపన.
2008 మార్చి 23: శంషాబాద్ నుంచి విమానాల రాకపోకలు మొదలు.
2012–13: విమానాశ్రయ మార్గంతో కూడిన ఎంఎంటీఎస్ రెండో దశ మంజూరు.
2022 డిసెంబరు 9: రాయదుర్గం–శంషాబాద్ ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన.
2023 ఏప్రిల్ 8: ఫలక్‌నుమా–ఉందానగర్ ఎంఎంటీఎస్ ప్రారంభం.
2023 డిసెంబరు: రాయదుర్గం మార్గం నిలిపివేత.
2024 మార్చి 5: ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ ప్రారంభం.
2024 అక్టోబరు: నాగోలు–విమానాశ్రయం కారిడార్ సహా మెట్రో రెండో దశకు రాష్ట్ర మంత్రివర్గ ఆమోదం.
2024 నవంబరు: ప్రాజెక్టు నివేదికలు కేంద్రానికి.